ఒకటిన్నర చెంచా నెమ్మది

నాటింగ్‌హామ్
1863 జూన్ 4

హెస్టర్ అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని అలిగి ఉంటావు. అలగడం నీ హక్కు, రాయడానికి తీరిక లేకపోవడం నా రాత. ఇప్పుడు కూడా ఎడమ చేత్తో థిర్జాను ఒళ్లో అదిమి పట్టుకుని కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే నన్ను కాదు, నీ చెల్లెలి కూతురిని తిట్టు.

దానికి ఏడో నెల. కింది చిగుళ్లలో రెండు పళ్లు ఒకేసారి దూసుకొస్తున్నాయి. పగలంతా ఒకటే ఏడుపు. ఇటు చూస్తే పెళ్లిళ్ల కాలం. లేసు ఫ్యాక్టరీ వాళ్లు దుప్పటంత వెడల్పున నేసిన లేసును మోపులు మోపులుగా ఇంటికి పంపుతున్నారు. పట్టీకీ పట్టీకీ మధ్య కలుపు దారం ఒకటి ఉంటుంది. దాన్ని తెగకుండా చివరిదాకా లాగితే పట్టీలు విడివడతాయి. తెగిందా, ఆ ముక్క వాళ్లు తీసుకోరు. ఒళ్లో పిల్ల కాళ్లు విసురుతుంటే తెగక ఏం చేస్తుంది? నిన్న మూడు ముక్కలు పాడుచేశాను. మా అత్త డోర్కస్ ఊరుకుంటుందా? "మా కాలంలో నలుగురు పిల్లల్ని చంకనేసుకుని లాగేవాళ్లం తల్లీ. దారం తెగేది కాదు, మొగుడి పరువూ పోయేది కాదు" అంది. ఎనోస్ విననట్టు బూట్లు తుడుచుకుంటున్నాడు. నా మొగుడి చెవులు ఫ్యాక్టరీ మరల రొదకి పోయాయో, అమ్మ మాట్లాడేటప్పుడు మాత్రమే పోతాయో నాకు ఇంకా తేలలేదు.

వీధి చివర మందుల షాపులో నెమ్మది కొంటున్నాను, అదే, పిల్లల్ని నిద్రపుచ్చే మందు. ఇక్కడ ఆ మందు లేకుండా పిల్లను పెంచిన తల్లిని నేను చూడలేదు. సీసా ఇచ్చి "నెమ్మది" అంటే చాలు, నింపి ఇస్తాడు. మొదట్లో అర చెంచాకే పడుకునేది. ఇప్పుడు ఒకటిన్నర చెంచా పోస్తున్నాను, అందులో సగం నా జాకెట్టు మీదే ఉమ్ముతుంది. ఆ మందు అంత చేదు. నాలుక మీద వేసుకుని చూశాను, మాడిన గిన్నె నాకినట్టుంది.

మీ ఊళ్లో పిల్లల ఏడుపే వినపడదని పెళ్లైన కొత్తలో రాశావు. నీకు పిల్లలు లేరన్న బాధ నాకు తెలుసు, కానీ ఇవాళ మాత్రం కాసేపు నీ చెవుల మీద అసూయగా ఉంది.

నీ చెల్లెలు
కెజియా


ఫ్లీట్‌డైక్, లింకన్‌షైర్
జూన్ 11

చెల్లీ,

అలిగిన మాట నిజమే. నీ ఉత్తరం చదివాక ఆ అలక ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. థిర్జా పళ్ల మీద ఒక ముద్దు, ఇంకా పళ్లు రాని చోట రెండు ముద్దులు.

దీనితో పాటు ఒక సీసా పంపుతున్నాను. బండివాడు స్పాల్డింగ్ దాకా తీసుకెళ్లి అక్కడ రైలెక్కిస్తాడు. మీ బావ తన చేత్తో కలిపిన నెమ్మది. ఏ షాపులోనైనా నెమ్మది నెమ్మదేలే. బెల్లప్పాకం, నీళ్లు, సోంపు, కాస్త నల్లమందు. మీ షాపువాడు మాడిన పాకం పోస్తున్నట్టున్నాడు, అందుకే పిల్ల ఉమ్మేస్తోంది. మీ బావ ఆంబ్రోస్ గారికి మరి ఎన్ని లోపాలున్నా పాకం దగ్గర మాత్రం పిసినారి కాదు. ఇక్కడి పిల్లలు చెంచా నాకి, ఖాళీ చెంచా కోసం కొట్టుకుంటారు.

శనివారం సంత. ఈ చిత్తడి నేలలో పుట్టినవాళ్లకు చలిజ్వరం, కీళ్లనొప్పులు పుట్టుకతో వచ్చిన చుట్టాలు. పొద్దున్నే షాపు ముందు వరసకడతారు. నోరు విప్పే అలవాటు లేదు. బల్ల మీద నాణెం పెట్టి కనుబొమ్మ ఎగరేస్తారు. మీ బావ నల్లమందు ఉండలు కాగితంలో చుట్టి ఇస్తారు. మొన్న ఒక రైతు గుమ్మం దాటకుండానే రెండు ఉండలు నోట్లో వేసుకుని, బఠాణీలు నమిలినట్టు నమిలి, వాన గురించి నాతో అరగంట మాట్లాడాడు. పిల్లల తల్లులు నా వైపు వస్తారు. వాళ్లకూ నాకూ మధ్య మాట ఒకటే. "ఎంత పోయను?" అని ఏ కొత్త తల్లైనా అడిగితే, "మీ అమ్మ నీకు పోసినంత" అంటాను. పాతవాళ్లకైతే అదీ అక్కర్లేదు.

కాబట్టి మోతాదు గురించి నువ్వేం బెంగపడకు. ఎప్పుడూ ఇచ్చేంతే ఇవ్వు.

ఆగస్టులో వస్తాను. దాన్ని ఎలా ఎత్తుకోవాలో నాకు నేర్పించు. నేర్చుకోకుండా వెనక్కి రాను.

మీ అక్క
హెస్టర్


నాటింగ్‌హామ్
జూన్ 26

అక్కా,

సీసా పగలకుండా వచ్చింది. మూత తీయగానే సోంపు వాసన ఇల్లంతా. మా అత్త కూడా ఒక చుక్క వేలితో అద్దుకుని, "చేతిలో విద్య ఉంది మీ బావకి" అంది. ఆవిడ నోట మెచ్చుకోలు రావడం ఈ ఇంట్లో ఇదే మొదలు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి.

మీ సీసా మూతి వెడల్పుగా ఉంది, చెంచాలోకి ధారగా దూకుతుందేమోనని మా పాత సీసా కడిగి అందులోకి వంపుకున్నాను. పాత మందు అయిపోయింది. ఈ రెండు రోజులూ లేసు పని లేదు, మందు లేకుండానే నెట్టుకొస్తాను. సోమవారం నుంచి నీదే. ఆ రోజు పెద్ద మోపు ఒకటి అప్పగించాలి. నువ్వు పంపిన మందు, నా వేళ్లు, దేవుడి దయ, మూడూ కలిస్తే పనైపోతుంది.

కెజియా


నాటింగ్‌హామ్
జూలై 3

అక్కా,

థిర్జా లేదు.

ఈ రెండు మాటలు రాయడానికి రెండు రోజులు పట్టింది. మిగతాది ఇక రాయగలను.

సోమవారం పొద్దున రొట్టె నానబెట్టిన పాలు పట్టాక మందు పోశాను. ఒక్క చుక్క ఉమ్మలేదు. నువ్వన్నట్టే చెంచా నాకింది, ఇంకా కావాలని నోరు తెరిచింది. నేను నవ్వాను. బుట్టలో పడుకోబెట్టి లేసు ముందేసుకున్నాను. ఎంత బాగా పనైందో అక్కా. ఒక్క దారం తెగలేదు. మధ్యలో రెండుసార్లు తిరిగి చూశాను, నోరు కొద్దిగా తెరుచుకుని గురక పెడుతోంది. ఇన్నాళ్లకు పిల్ల పిల్లలా నిద్రపోయిందని మా అత్త కూడా సంతోషపడింది. మధ్యాహ్నానికి మోపు పూర్తయింది. బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి, పిల్లను లేపుదామని వంగాను. పెదాలు సిరా రంగులో ఉన్నాయి.

విచారణ బుధవారం మా వీధి బీరు షాపు మేడమీద జరిగింది. కింద జనం తాగుతూ నవ్వుతున్నారు, పైన బల్ల మీద నా పిల్ల. విచారణ జరిపిన కరోనర్ మంచివాడే, మెల్లగానే అడిగాడు. ఎంత పోశావన్నాడు. ఒకటిన్నర చెంచా అన్నాను. ఎప్పుడూ అంతేనా అన్నాడు. అంతే అన్నాను. బల్ల మీద ఉన్నది మా వీధి షాపు సీసా కదా, ఆ షాపాయనను పిలిపించారు. తన నెమ్మది నాలుగు చెంచాలు తాగినా అంత పిల్లకు ఏమీ కాదని బైబిల్ మీద చెయ్యి పెట్టి చెప్పాడు. సీసాలో మిగిలింది మా అత్త ఆ రోజే కంగారులో పారబోసింది, చూడటానికి ఏమీ లేదు. డాక్టరేమో పిల్ల పోయింది నల్లమందు వల్లే అన్నాడు. అప్పుడు జ్యూరీలో పన్నెండు మందీ నా వైపు తిరిగారు. వాళ్లలో మేం రొట్టెలు కొనే ఆయన ఉన్నాడు. "పాపం, పని మత్తులో ఎన్ని చెంచాలు పోసిందో ఆమెకే తెలిసుండదు" అన్నాడు. జాలిగానే అన్నాడు.

సీసాలో మందు నువ్వు పంపిందని నేను చెప్పలేదు. ఏ షాపులోనైనా నెమ్మది నెమ్మదే కదా. మిమ్మల్ని ఆ గదిలోకి లాగడం దేనికి, బావగారి పేరు పేపర్లో పడటం దేనికి అనుకున్నాను. ఆ రోజు నేను చేసిన సరైన పని అదొక్కటే.

ప్రమాదవశాత్తు చనిపోయిందని, తల్లి అజాగ్రత్త క్షమించరానిదని రాసుకుని వెళ్లారు.

ఒకటిన్నరే పోశాను అక్కా. ఇది రాస్తున్నప్పుడు ఒకటిన్నరే. కళ్లు మూసుకుంటే మాత్రం చెయ్యి మళ్లీ సీసా మీదికి వెళ్తున్నట్టు కనిపిస్తోంది.

కెజియా


ఫ్లీట్‌డైక్
జూలై 6
(హెస్టర్ ఈ ఉత్తరాన్ని పూర్తి చేయలేదు, పోస్టు చేయలేదు.)

కెజియా, నా తల్లీ,

నీ చెయ్యి తప్పు చేయలేదు. నువ్వు ఒకటిన్నరే పోశావు.

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. చదివి, ఏడు నెలల పిల్లకు మన నెమ్మది ఎంత ఇవ్వొచ్చని మీ బావను అడిగాను. ఆయన తూకం మీద నుంచి తలెత్తకుండానే పావు చెంచా అన్నారు, అదీ అలవాటు పడిన పిల్లకైతేనట. మన ఊరివాళ్లకు పలచగా కలిపితే వచ్చే సంతకు వేరే షాపులో ఉంటారు, అందుకే వాళ్ల తాతగారి రోజుల నుంచీ చిక్కగానే కలుపుతారట. తర్వాత తలెత్తి నా మొహం చూశారు.

ఉత్తరం ఆయన చేతికిచ్చాను. దాన్ని రెండుసార్లు చదివారు. చివరికి, "నువ్వు రాసే ఉత్తరం నీ చెల్లెలి దగ్గర ఆగదు హెస్టర్. కరోనర్ దగ్గరికి పోయి, అక్కణ్నుంచి ఈ గుమ్మం ఎక్కుతుంది. రాస్తే మాత్రం ఆ పసిది లేచొస్తుందా?" అన్నారు.

నువ్వు మోతాదు రాశావు. ఒకటిన్నర అని అక్షరాల్లో రాశావు, నేను చదివాను. చదివి కూడా బల్ల దగ్గర నిలబడి అలవాటైన నోటితో ఎప్పుడూ ఇచ్చేంతే ఇవ్వమని రాశాను. మా ఊళ్లో ఆ మాటకు అర్థం పావు చెంచా. ఈ ఇరవై మైళ్ల చిత్తడి దాటితే ఆ అర్థం మారిపోతుందని నాకు


ఫ్లీట్‌డైక్
జూలై 9

ప్రియమైన కెజియా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి మాకు అన్నం సహించడం లేదు. నేను, మీ బావ మోకాళ్ల మీద నిలబడి నీ కోసం, ఎనోస్ కోసం ప్రార్థించాము. దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు. ఎవరిని నిందించినా ప్రయోజనం లేదు. నిన్ను నువ్వు అసలే నిందించుకోకు.

ఆ రోజు జరిగిందాని గురించి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు. మాట్లాడిన కొద్దీ గాయం మానదు. నేను పంపిన ఖాళీ సీసా ఇంకా ఇంట్లో ఉంటే పగలగొట్టి పారెయ్. చూసిన కొద్దీ బాధ.

ఆగస్టులో రాలేను. మీ బావకు చలిజ్వరం తిరగబెట్టింది.

హెస్టర్


నాటింగ్‌హామ్
ఆగస్టు 23

అక్కా,

బావగారికి నెమ్మదించిందని తలుస్తాను. నువ్వు వస్తావని చూశాను. వస్తే నీ ఎదురుగా కూర్చుని ఒక మాట అడగాలనుకున్నాను. రాలేదు కాబట్టి కాగితం మీద అడుగుతాను.

ఎనోస్ నన్నేమీ అనడు. అంటే బావుండును. కానీ నేను టీ పోయబోతే కప్పు తనవైపు లాక్కుని తనే పోసుకుంటాడు. మా అత్త చెంచాలన్నీ తన గదిలో పెట్టుకుంది. అడిగితే తళతళలాడేలా తోమి పెట్టానంటుంది. పక్కింటామె నన్ను చూస్తే తన పిల్లవాడిని లోపలికి పిలుచుకుంటుంది. లేసు పని మానేశాను. కలుపు దారం ఏదో, పట్టీ దారం ఏదో కనిపించడం లేదు. అన్నీ ఒకటే దారంలా ఉన్నాయి.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెంచా తీసుకుని నీళ్లు పోసి చూస్తున్నాను. పాత సీసా, అదే కుర్చీ, అదే చెయ్యి. ఒకటి. సగం. ఆపుతాను. వందసార్లు పోస్తే వందసార్లూ ఒకటిన్నర దగ్గరే చెయ్యి ఆగుతోంది. అయితే ఆ రోజు ఎందుకు ఆగలేదు? ఆగిందా? ఆగి ఉంటే పిల్ల ఎందుకు పోయింది?

నువ్వు మందుల షాపాయన భార్యవి. పదకొండేళ్లుగా ఆ బల్ల దగ్గర నిలబడి ఉన్నావు. అందుకే నిన్నే అడుగుతున్నాను. మీ నెమ్మది ఒకటిన్నర చెంచా పోస్తే అంత పిల్ల చనిపోతుందా? అవునో కాదో ఒక్క ముక్క రాయి. పోతుందంటే నా చెయ్యి మంచిదే. పోదంటే నేనే ఎక్కువ పోశాను. నువ్వు ఏది రాస్తే అది నమ్ముతాను. నమ్మడానికి ఇంకెవరూ మిగల్లేదు.

కెజియా


ఫ్లీట్‌డైక్
సెప్టెంబర్ 14

ప్రియమైన కెజియా,

ఎందుకమ్మా ఇంకా అదే తలుచుకుని కుములుతావు? మీ బావను అడిగాను. మా నెమ్మది కూడా అందరి నెమ్మది లాంటిదే, తేడా ఏమీ లేదన్నారు. పిల్లల ప్రాణాలు గాలిలో దీపాలు. ఒక్కోసారి మోతాదుతో పనే ఉండదు, వాళ్ల వేళ వస్తుంది.

చర్చికి వెళ్తుండు. మళ్లీ లేసు పని మొదలుపెట్టు, చేతికి పని ఉంటే మనసు కుదుటపడుతుంది. ఆపిల్ మురబ్బా ఒక జాడీ పంపుతున్నాను.

హెస్టర్


నాటింగ్‌హామ్
నవంబర్ 15

అక్కా,

మురబ్బా అందింది. నువ్వు జవాబు రాసినందుకు మేలు జరిగింది. అంతకు ముందు రోజుకు వందసార్లు నన్ను నేను అడిగేదాన్ని. ఇప్పుడు అడగడం లేదు. చెంచాతో నీళ్లు పోసి చూడటం కూడా మానేశాను. తెలిసిపోయింది కదా.

ఆ రొట్టెల ఆయన కనపడితే, మీరన్నది నిజమేనండీ, నేనే ఎక్కువ పోశానని చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. మా అత్తకూ చెప్పాను. మొదటిసారి ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంది.

ఇంకో సంగతి. నాకు మళ్లీ నెల తప్పింది. ఏప్రిల్ చివరికి కాన్పు అవుతుందని మంత్రసాని చెప్పింది. ఎనోస్, మా అత్త, నేను ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు, ఆ మాట నేనే ఎత్తాను. మాన్స్‌ఫీల్డ్‌లో మా అత్త చెల్లెలికి పిల్లలు లేరు. పుట్టిన మూడో రోజు వచ్చి తీసుకెళ్తారు. అక్కడే పెరుగుతుంది. వాళ్లనే అమ్మా నాన్నా అంటుంది. ఆ మూడు రోజులు కూడా మా అత్తే చూసుకుంటుంది. నేను దాన్ని ముట్టుకోనని మాటిచ్చాను.

చెడ్డ నిర్ణయం కాదు కదా? ఈ చేతులతో దాన్ని ఎలా పట్టుకుంటాను చెప్పు.

కెజియా


ఫ్లీట్‌డైక్
1864 జనవరి 10

కెజియా,

ఈ ఉత్తరం ఒంటరిగా కూర్చుని చదువు.

పిల్లను ఎవరికీ ఇవ్వొద్దు. థిర్జాను చంపింది నీ చెయ్యి కాదు. మా మందు. నా మాట.

మా నెమ్మది మీ ఊరి నెమ్మది లాంటిది కాదు. ఇక్కడ పుట్టినవాళ్లు కడుపులో ఉన్నప్పటి నుంచి గసగసాల కషాయం మీద పెరుగుతారు. అందుకని మీ బావ ఆరింతలు చిక్కగా కలుపుతారు. ఇక్కడ పిల్లకు పావు చెంచా పోస్తారు. నువ్వు ఒకటిన్నర పోశావు, నేను ఎప్పుడూ ఇచ్చేంతే ఇవ్వమన్నాను కాబట్టి పోశావు. బల్ల దగ్గర రోజూ అనే మాట అది. ఆలోచించకుండా అనేశాను. ఏ షాపులోనైనా నెమ్మది నెమ్మదేనని కూడా నేనే రాశాను. నువ్వు దాన్నే నమ్మి విచారణలో మా పేరు దాచావు.

ఇది నాకు జూలైలోనే తెలుసు. నీ ఉత్తరం చదువుతుండగానే తెలిసింది. ఒకసారి రాయడం మొదలుపెట్టి ఆపేశాను. ఆగస్టులో నువ్వు ఒక్క ముక్క అడిగితే అబద్ధం రాశాను. మీ బావే అలా రాయమన్నారు. కానీ కలం నా చేతిలోనే ఉంది కదా, ఆయన్ను అని ఏం లాభం? షాపు పోతుందని, ఊరు ఉమ్మేస్తుందని, ఆయన్ను జైలుకు లాక్కెళ్తారని భయపడ్డాను. నువ్వు చిన్నదానివి, దుఃఖం మెల్లగా దిగిపోతుందిలే అనుకున్నాను. నువ్వు నీ చేతుల్ని చూసి భయపడుతున్నావని చదివి కూడా మురబ్బా పంపాను. నేను అంత నీచురాలిని.

నవంబర్ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. రోజూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీ బావకు తెలియకుండా ఇది రాస్తున్నాను. తెలిస్తే పంపనివ్వరు.

నీ పిల్లను నువ్వే పెంచుకో. కావాలంటే నన్ను జీవితాంతం అసహ్యించుకో. ఒక్కటే వేడుకోలు. ఈ ఉత్తరం ఎనోస్‌కు గానీ మీ అత్తకు గానీ చూపించొద్దు. చదవగానే కాల్చెయ్. నువ్వు తెలుసుకుంటే చాలు, లోకానికి తెలియక్కర్లేదు.

హెస్టర్


నాటింగ్‌హామ్
1864 మే 9

అక్కా,

నీ జనవరి ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, కోపగించుకోకు. మంచం మీద ఉండి ఎక్కువసేపు కలం పట్టుకోలేకపోతున్నాను.

మగపిల్లాడు. ఏప్రిల్ ఇరవై ఆరున పుట్టాడు. మాన్స్‌ఫీల్డ్ వాళ్లు అన్నట్టే మూడో రోజు మధ్యాహ్నం రైలుకు వచ్చారు. మంచివాళ్లు. కొత్త శాలువా తెచ్చారు. నేను మాట నిలబెట్టుకున్నాను, తలుపు దగ్గర నుంచి చూశాను అంతే. జుట్టు నల్లగా, ఒత్తుగా ఉంది. ఏం పేరు పెడతారో అడగలేదు. పేరు తెలిస్తే పిలవాలనిపిస్తుంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు రెండు రోజులు నమ్మాను. ఆ రెండు రోజులూ నేను మనిషిని అక్కా. నా టీ నేనే పోసుకున్నాను. ఎనోస్ కప్పులో కూడా పోయబోయాను. పిల్లను ఇక్కడే ఉంచుకుంటానని మా అత్తతో అన్నాను. ఎందుకు మనసు మారిందని ఆవిడ అడిగింది. ఏం చెప్పను? ఎవరికీ చూపించొద్దన్నావు. కాల్చెయ్యమన్నావు. అప్పటికే కాల్చేశాను. ఉత్తరం చేతిలో లేకపోయాక దాంట్లో ఉన్నది చెప్పబోతే నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసింది.

అప్పుడు కూర్చుని నిదానంగా ఆలోచించాను. నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. ఆగస్టులో నేను ఒక్క ముక్క అడిగాను. అప్పటికే అది నిజమైతే నువ్వు ఆ రోజే రాసేదానివి. రైలెక్కి వచ్చేసేదానివి. నేను నా చేతుల్ని చూసుకుని వణుకుతున్నానని తెలిసి, ఆరు నెలలు, నా అక్క నోరు మూసుకుని కూర్చుంటుందా? ముక్కూ మొహం తెలియని ఆడది కూడా అంత పని చేయదు. కాబట్టి నువ్వు రాసింది నిజం కాదని తెలిసిపోయింది. పిల్లను ఇచ్చేస్తున్నానని చదివి తట్టుకోలేక, నా తప్పు నీ మీద, బావగారి మీద వేసుకున్నావు. ఎంత నమ్మేలా రాశావో, ఆరింతలని లెక్క కూడా కట్టావు.

నా కోసం ఇంకెప్పుడూ అలా రాయకు అక్కా. ఎవరైనా చూస్తే బావగారికి ముప్పు. నిన్ను నువ్వు నీచురాలినని రాసుకున్నావు, అది చదివినప్పుడు మాత్రం చాలా ఏడ్చాను. అక్కంటూ ఉంటే నీలాంటి అక్కే ఉండాలి.

నీ చెల్లెలు
కెజియా